వార్చిన నీళ్ళు

పుట 141. మౌనం, ఒకటో రోజు

ఈ రిజిస్టరు చదవబోయే గుమస్తాగారికి నమస్కారం. సలహాదారులు తమ రోజువారీ పని చేతిరాతతోనే రాయాలని నియమం పెట్టింది మీ మండలే. యంత్రాల చేత రాయిస్తే అందరూ అన్నీ సవ్యంగా చేసినట్టే రాయించుకుంటున్నారట. కాబట్టి వంకర తిరిగిన వేళ్ళతో నేను రాస్తాను, మీరు కళ్ళజోడు సర్దుకుని చదవండి. ఇద్దరికీ శిక్షే.

పేరు బుంగా జీవరత్నం. వయసు యాభై ఎనిమిది. వృత్తి ఆహార సలహా, మూత్రపిండాల పథ్యం. లైసెన్సు నంబరు 4118. దివి గట్టు, ఆరో కాలనీ. సముద్రం ఊళ్ళోకి వచ్చి మనుషులు గట్టు మీదికి చేరాక పుట్టిన మూడో తరం ఇది. తాగే నీళ్ళలో ఎంత వడకట్టినా ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పుకి ఇంటికొకరి మూత్రపిండాలు పోయాయి. నా కింద రెండు వందల పన్నెండు మంది రోగులున్నారు.

ఇవాళ ఉదయం లైసెన్సు గడువు తీరింది. మెళ్ళో బిళ్ళ ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారింది. కొత్తది చేతికొచ్చేదాకా మౌనకాలం. మామూలుగా మూడు రోజులు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఒక్క రోజులు. ఈలోగా ఎవరికీ ఫలానాది తిను, ఫలానాది మానెయ్ అని చెప్పకూడదు. చెబితే బిళ్ళ వింటుంది, మోగుతుంది, విన్నది మండలికి చేరవేస్తుంది. రాసిచ్చినా, ఇంకొకరి చేత చెప్పించినా అదే నేరం. మూడేళ్ళు జైలు, లైసెన్సు ఇక ఈ జన్మకు లేదు.

పక్కింటామె గోడ మీద నుంచి, "పిన్నీ, మా ఆయనకి జ్వరం. జావ కాచనా, అన్నం పెట్టనా?" అని అడిగింది. నేను ఆకాశం వంక చూసి, "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది కదూ" అన్నాను. ఆమె నాకు మతి పోయిందనుకుని లోపలికి వెళ్ళింది.

పుట 142. రెండో రోజు

మౌఖిక పరీక్ష. లాంచీలో రెండు గంటలు ప్రయాణం చేసి, ఎత్తు ఊళ్ళలో ఉన్న మండలి భవనానికి వెళ్ళాను. గదిలో మూడు కుర్చీలు. మధ్య కుర్చీలో మండలి పెద్ద, ఆచార్య వేదభూషణ్. తెల్లటి బట్టలు, చల్లటి నవ్వు.

గుమస్తాగారూ, మీకు తెలియకపోవచ్చు, ఆయన్ని నేను ఎరుగుదును. పందొమ్మిదేళ్ళ కిందట నా చెల్లెలు సువార్త చక్కెర జబ్బుతో ఆయన ఆశ్రమంలో చేరింది. ఇన్సులిన్ విషం తల్లీ, మానెయ్ అన్నాడు. నలభై రోజులు బూడిదగుమ్మడి రసం మాత్రమే తాగమన్నాడు. పదకొండో రోజున పోయింది. ముప్పై నాలుగేళ్ళది. కేసు పెట్టబోతే, "తిండి గురించి ఎవరైనా ఏమైనా చెప్పొచ్చమ్మా, వినడం మానడం మీ ఇష్టం" అని పంపించేశారు.

అప్పుడు మొదలుపెట్టాను. చదువూ పరీక్షా లేనివాడు పథ్యం చెప్పకూడదన్న చట్టం కోసం ఏడేళ్ళు తిరిగాను. ఎండల్లో నిలబడ్డాను, ఆఫీసుల్లో కూర్చున్నాను, తిట్లు తిన్నాను. చివరికి చట్టం తయారైంది కానీ ఓట్లు చాలలేదు. ఒక రాజీ కుదిర్చారు. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకు పరీక్ష లేకుండానే లైసెన్సు ఇవ్వాలట. "ఒక్క వాక్యమే కదా రత్నంగారూ, మిగతాదంతా మీరడిగినట్టే ఉంది, ఒప్పుకోండి" అన్నారు. ప్రజల తరఫున నేను సంతకం పెట్టాను. ఆ ఒక్క వాక్యంలోంచి అందరికంటే ముందు దూరినవాడు ఈయన. ఆయన లైసెన్సు నంబరు 3. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నన్ను అడగాలి.

"అమ్మా, పథ్యం చెప్పేవారికి ముందుగా ఉండవలసిన గుణమేమిటి?" అని అడిగాడు.

"చెప్పినదానికి జవాబు చెప్పుకోవడం. మా చెల్లెలు సువార్త మీకు గుర్తుందా?" అన్నాను.

కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "వేలమంది వచ్చారమ్మా. అందరూ నా బిడ్డలే" అన్నాడు. అని కాగితం మీద ఏదో రాశాడు. బయటికొస్తుంటే అక్కడి గుమస్తా ఒకాయన చెప్పాడు, నా దరఖాస్తు 'పరిశీలనలో' పెట్టారట. అంటే పూర్తి ఇరవై ఒక్క రోజులు.

అడిగినదానికి మాత్రం జవాబిచ్చి, మిగతాదానికి నోరు మూసుకుని వచ్చేయవలసింది. అది నాకు పుట్టుకతో రాలేదు.

పుట 144. అయిదో రోజు

మోకా నాంచారయ్య వచ్చాడు. నలభై ఒక్కేళ్ళవాడు. సముద్రపు నీళ్ళు వడకట్టే మిల్లులో జాలీలు తోముతాడు. మనిషి పొడుగు, నోరు ఇంకా పొడుగు. పెళ్ళాం పోయింది, తల్లి తిరపతమ్మ వండి పెడుతుంది. ఇరవై రోజులకొకసారి యంత్రం మీద రక్తం కడిగించుకుంటాడు. ఈసారి వంతు నా మౌనం పద్దెనిమిదో రోజున పడుతుంది.

అతనికి ముప్పు పొటాషియం. ఆకుకూరల్లో, దుంపల్లో, పప్పుల్లో ఉంటుంది. మూత్రపిండాలు పోయినవాళ్ళకు అది రక్తంలోనే నిలిచిపోతుంది. అయిదు దాటితే జాగ్రత్తపడాలి, ఆరు దాటితే గుండె ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. మూడు వారాల కిందట 5.1 ఉందని కొత్త పథ్యం రాసిచ్చాను. కూరముక్కలు నానబెట్టి, ఉడికించి, వార్చి పెట్టాలి. అలా చేస్తే పొటాషియం నీళ్ళలోకి దిగిపోతుంది.

ఇవాళ అతని చేతికున్న, రక్తం కొలిచే పట్టీ మీద 5.7 ఉంది.

"కంచం ఏమంటోంది?" అని అడిగాను. అడగడం సలహా కాదు. ప్రభుత్వం ఇంటింటికీ ఇచ్చిన కంచం అది. పెట్టిన ముద్దలో ఏముందో చూసి పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది.

"మా అత్తలాగా కాదక్కా అది. మూడు పూటలా పచ్చగా నవ్వుతానే ఉంటది. మరి ఈ అంకె ఎందుకు ఎక్కుతుందో నువ్వే చెప్పాల."

నేను బిళ్ళ చూపించాను.

"ఓహో, నోటికి తాళం ఏశారా!" అని నవ్వాడు. "సర్లే, తీసినాక చెప్పు. నేనెక్కడికి పోతా?"

పుట 146. ఏడో రోజు

ఊరికే పలకరించడానికన్నట్టు నాంచారయ్య ఇంటికి వెళ్ళాను. తిరపతమ్మ పొయ్యి దగ్గర ఉంది. డెబ్బై దాటిన మనిషి, చెయ్యి మాత్రం చురుకు. ఉడికిన తోటకూర కాడల్ని వారుస్తోంది.

"నువ్వు చెప్పినట్టే చేస్తన్నానమ్మా. నానేస్తన్నా, ఉడకేస్తన్నా, వారుస్తన్నా. ఒక్క పూట తప్పలా" అంది.

కాడలు కంచంలో పెట్టింది. పచ్చదీపం వెలిగింది. వార్చిన నీళ్ళు మాత్రం కింద సత్తుగిన్నెలోకి పట్టింది.

"ఆ గిన్నెలోవి ఏం చేస్తావు?" అన్నాను.

"చారు కాస్తా. ఇంత చింతపండేసి, నాలుగు మిరియాలు దంచేసి కాస్తే గొంతులోకి జారిపోద్ది. ముక్కల్లో సారమంతా ఇందులోకే దిగుద్ది కదమ్మా! బిడ్డకి ఉట్టి పిప్పి పెట్టి సారం పారబోసుకునే తల్లి యాడన్నా ఉంటదా? రోజుకి నాలుగు గ్లాసులు తాగుతాడు."

చారు గ్లాసులో తాగుతారు. కంచం గ్లాసును చూడదు.

ఇంటికి రోజుకు మూడు బిందెల నీళ్ళిచ్చే కాలనీ ఇది. స్నానం చేసిన నీళ్ళు పాదుకి పోస్తారు, బియ్యం కడిగిన నీళ్ళలో పప్పు నానేస్తారు. వార్చిన నీళ్ళు పారబోసే ఇల్లు ఈ గట్టు మీద ఒక్కటీ లేదు. మా అమ్మ కూడా ఆ వార్చిన కట్టు పారబోసేది కాదు, మేమూ ఆ చారు తాగే పెరిగాం. ఇంత తెలిసీ "వార్చి పెట్టాలి" అని రాశాను కానీ "ఆ నీళ్ళు పారబోయాలి" అని రాయలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న సలహాదారుకి ఆ ఒక్క మాట తోచలేదు. ఆమె ఎంత శ్రద్ధగా వార్చితే కొడుక్కి అంత ఎక్కువ విషం పోస్తోంది.

నియమం తొమ్మిది ప్రకారం రిజిస్టరులో రాయడం సలహా కిందికి రాదు. కాబట్టి ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను: మోకా నాంచారయ్యకు వార్చిన నీళ్ళు ఇవ్వకూడదు. పారబోయాలి.

ఆమెకు చెప్పలేదు. ఇంటికి వచ్చేశాను.

పుట 147. ఎనిమిదో రోజు

మండలికి అత్యవసర అనుమతి కోసం అర్జీ పంపాను. ఒక్క రోగికి ఒక్క వాక్యం చెప్పనివ్వమని అడిగాను. ఆ వాక్యాన్ని అర్జీలో రాస్తే అది కూడా సలహాయేనట, కొట్టేసి తిప్పి పంపారు. వాక్యం లేకుండా మళ్ళీ పంపాను.

పుట 148. తొమ్మిదో రోజు

బిళ్ళకు చెవులే కానీ కళ్ళు లేవు. ఆ ఆలోచనతో మళ్ళీ వెళ్ళాను.

తిరపతమ్మ నాకు మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు తీసుకుని గుమ్మం దగ్గరికి నడిచి, ఆమె చూస్తుండగా నీళ్ళన్నీ నేల మీద ఒంపాను. తర్వాత సత్తుగిన్నె వైపు వేలు చూపించాను. మళ్ళీ నేల చూపించాను.

ముసలామె రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! తాగే నీళ్ళు నేలపాలు చేస్తావా? పెద్ద చదువు చదివినదానివి, నీకిదేం పొయ్యేకాలం!"

గిన్నె మీద మూత పెట్టి, దాన్ని నాకు అందకుండా అవతలికి జరిపింది. తడిసిన మట్టిని చేత్తో ఎత్తి తోటకూర పాదులో వేసింది. నేను ఇంకోసారి వేలు చూపించబోతే, "చాల్లే తల్లీ, ఇంటికి పో. ఎండదెబ్బ తగిలినట్టుంది" అని నన్ను బయటికి నడిపించింది.

దారి పొడుగునా నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

పుట 149. పదకొండో రోజు

జవాబు వచ్చింది. "మీ అర్జీ ఉపసంఘానికి పంపబడినది. మీ రోగుల బాధ్యతను తాత్కాలిక సలహాదారు శ్రీమతి ప్రణవి చూచుచున్నారు." ఆమె ఆచార్యులవారి శిష్యురాలు.

నాంచారయ్య 6.0.

ఒక లెక్క వేసుకున్నాను. చెబితే బిళ్ళ మోగుతుంది. నేను జైలుకి పోతాను. రెండు వందల పన్నెండు మంది ఆశ్రమం చేతుల్లో పడతారు, బూడిదగుమ్మడి రసం మళ్ళీ మొదలవుతుంది. ఒక్కడి కోసం అందర్నీ వదిలేయనా? న్యాయంగానే ఉంది. ఎవరికి చెప్పినా ఒప్పుకుంటారు.

కానీ గుమస్తాగారూ, ఇది నా రిజిస్టరు కనుక నిజం రాస్తాను. ముందు పుట్టింది భయం. ఈ లెక్క తర్వాత కుట్టిన చొక్కా. ఇంకొకటి కూడా ఉంది. నా చెల్లెల్ని చంపినవాడు నా మెళ్ళోంచి బిళ్ళ ఊడబీకడం నేను చూడలేను. నాంచారయ్య ప్రాణానికీ నా రోషానికీ మధ్య త్రాసు పట్టుకుని కూర్చున్నాను.

పుట 150. పద్నాలుగో రోజు

ప్రణవి కాలనీకి వచ్చింది. ఆమె నాంచారయ్య ఇంట్లో ఉండగా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మెళ్ళో పచ్చబిళ్ళ తళతళలాడుతోంది. కంచం చూసింది, పచ్చదీపం చూసి సంతోషించింది. పట్టీ మీద 6.3 చూసి, "ఇది వాతావరణం వల్లండీ" అంది. తిరపతమ్మ మర్యాదకని చారు గ్లాసు ఇచ్చింది. ప్రణవి రుచి చూసి కళ్ళు మూసుకుంది, అచ్చం గురువుగారిలాగే.

"అమ్మమ్మగారూ, ఇది అమృతమండీ. ఆకుల సారమంతా ఇందులోనే ఉంది. అబ్బాయిగారికి పరగడుపున ఇంకో గ్లాసు ఇవ్వండి."

ఆమె బిళ్ళ మోగలేదు. ఎందుకు మోగుతుంది, లైసెన్సు ఉంది కదా!

తిరపతమ్మ నా వంక గర్వంగా చూసింది. నాంచారయ్య మంచం మీద నుంచి, "రత్నమక్కా, నువ్వేంటి గడపలో దేవతలాగా నిలబడ్డావు? లోపలికి రా" అన్నాడు. కాళ్ళలో బలం ఉండడం లేదట, మెట్లు ఎక్కలేకపోతున్నాడట. అయినా నవ్వుతున్నాడు.

నాకు దగ్గొచ్చింది. దగ్గుతూనే ఉన్నాను. ఆ దగ్గులో మాట కలిపి అనేయొచ్చు. ఎంత, రెండు మాటలు. నా నాలుక కదల్లేదు.

పుట 151. పదిహేనో రోజు

మూడు రోజుల్లో యంత్రం వంతు వస్తుంది. రక్తం కడిగితే అంకె దిగుతుంది. కండ బలం ఉన్న మనిషి, అప్పటిదాకా లాగుతాడు. ఆ తర్వాత మూడు రోజులకు నా బిళ్ళ వచ్చేస్తుంది. అప్పుడు అన్నీ చెబుతాను.

పదహారో రోజు

నాంచారయ్య పొద్దున మిల్లులో జాలీ తోముతూ కూలబడ్డాడు. చేతిలో బ్రష్షు అలాగే ఉందట. డాక్టరు లాంచీ వచ్చేసరికే అయిపోయింది.

పుట 152. ఇరవై ఒకటో రోజు

లైసెన్సు వచ్చింది. బిళ్ళ పచ్చగా వెలిగింది. దానితో పాటు ఒక అభినందన పత్రం.

"సలహాదారు శ్రీమతి బుంగా జీవరత్నం గారి మౌనకాలంలో బిళ్ళ ఒక్కసారియైనను మోగలేదు. నియమపాలనలో ఆదర్శంగా నిలిచినందుకు మండలి హర్షము వ్యక్తం చేయుచున్నది." కింద ఆచార్య వేదభూషణ్ సంతకం, చక్కటి గుండ్రటి అక్షరాలు.

ఆయన మాట్లాడి నా చెల్లెల్ని చంపాడు. నేను మాట్లాడకుండా తిరపతమ్మ కొడుకుని చంపాను. మా ఇద్దరికీ ఇప్పుడు ఒకే రంగు బిళ్ళ.

మధ్యాహ్నం నుంచి ఇల్లిల్లూ తిరిగాను. వార్చిన నీళ్ళు పారబోయండి అని చట్టబద్ధంగా, గట్టిగా, గొంతు పోయేలా చెప్పాను. ముప్పై ఎనిమిది ఇళ్ళలో ఆ చారు కాస్తున్నారు. కొందరు నన్ను తిట్టారు, నీళ్ళు పారబోయడమేంటని. రోజుకి అర బిందె ఎక్కువ ఇప్పిస్తానని మాటిచ్చాను. ఎలా ఇప్పిస్తానో నాకు తెలియదు. అయినా నా ఎదుటే ఒంపించాను. ఒక్క మాట. చెప్పడానికి ఇంటికి రెండు నిమిషాలు పట్టింది.

తిరపతమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

పుట 153. ఇరవై మూడో రోజు

ఆమే వచ్చింది. నా మాట కాలనీ అంతా పాకింది, ఆమె చెవినీ పడింది.

"పోయినోళ్ళ ఇంటివాళ్ళు అడిగితే నీ పుస్తకం చదివి వినిపించాలంట గదా. నీళ్ళ వరసలో చెప్పారు" అంది.

అవును, అదీ నియమమే. ఆ నియమం కూడా మేము పోరాడి పెట్టించిందే. సువార్త కోసం.

"మా వోడి పేరున్న కాడల్లా చదువమ్మా."

ఆమెకు అక్షరం ముక్క రాదు. పుట 144 చదివాను. కంచం అత్తలాగా కాదన్న మాట దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, తర్వాత ఏడ్చింది. పుట తిప్పాను. 146. పచ్చబిళ్ళ నా మెడ మీద చల్లగా తగులుతోంది. అడుగున ఉన్న ఆ వాక్యాలు దాటేస్తే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. మీకూ తెలియదు గుమస్తాగారూ. మీరు దీన్ని ఎన్నడూ తెరవరని ఆ అభినందన పత్రం చూసినప్పుడే నాకు తెలిసింది.

చదివాను. "మోకా నాంచారయ్యకు వార్చిన నీళ్ళు ఇవ్వకూడదు. పారబోయాలి. ఆమెకు చెప్పలేదు. ఇంటికి వచ్చేశాను."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే నాకు బాగుండేది.

"ఆ రోజు గ్లాసు ఒంపింది అందుకా తల్లీ?" అంది తిరపతమ్మ.

"అవును."

"నేను నిన్ను తిట్టి పంపిచ్చాను."

"నీ తప్పు కాదు తిరపతమ్మా. నేను నోటితో చెప్పాల్సింది."

"పారబొయ్యమంటే పారబోసేదాన్నిగా" అంది. కోపంగా కూడా అనలేదు. పైకి లేచి, గోడ పట్టుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది.

మౌనకాలం ముగిశాక పుట చివర ఒక గడి నింపాలి, నియమం పన్నెండు. నింపుతున్నాను.

మౌనకాలంలో సలహాదారు ఇచ్చిన సలహాలు: సున్నా.

సంతకం: బుంగా జీవరత్నం, 4118.